పురుగు పట్టని పంట

దర్శి చుట్టుపక్కల పత్తి వేస్తే గులాబీ రంగు పురుగు. మిరప వేస్తే నల్ల తామర పురుగు. 2021లో అది పూతను పీల్చి పిప్పి చేసిన తీరు గుంటూరు, ప్రకాశం రైతులు ఇంకా మరవలేదు. వరి వేద్దామంటే సాగర్ కుడి కాలువ నీళ్లు దర్శి బ్రాంచికి ఎప్పుడొస్తాయో కాలువకే తెలియదు. ఇన్ని గండాల మధ్య ఏ తెగులూ సోకని పంట ఒకటి మన రాష్ట్రంలో బాగా స్థిరపడింది. దానికి దుక్కి అక్కర్లేదు. యూరియా కోసం తెల్లారుజామున సొసైటీ ముందు చెప్పులు వరసలో పెట్టి కూర్చోనక్కర్లేదు. కాగితం మీద ‘నివాసం’ అని ఉన్నచోట ‘వాణిజ్యం’ అని మార్పించుకుంటే చాలు. గింజ నాటకుండానే గజం గజానా దిగుబడి.

భూమి మీద ఆశ మనకు కొత్తేం కాదు. 2014లో రాజధాని దొనకొండకే వస్తుందని పుట్టిన మాట పట్టుకుని ఎకరాలకు అడ్వాన్సులిచ్చినవాళ్లున్నారు. ఆ సెప్టెంబరు 4న అసెంబ్లీలో విజయవాడ పరిసరాలని ప్రకటించేసరికి వాళ్ల ముఖాల్లో రంగు పోయింది. అది పుకారు మీద సాగు, వర్షాధారం. ఇప్పుడు చెప్పేది అట్టాంటిది కాదు. బోరు కింద సాగు. ఫైలు కదిలితే పంట చేతికొచ్చినట్టే.

దీని వివరాలు రైతు సేవా కేంద్రంలో చెప్పరు. డాక్యుమెంటు రైటరు బల్ల పక్కన ఓ పూట కూర్చుంటే మొత్తం తెలుస్తుంది. కొత్త సాగుదార్లకు పనికొస్తుందని నాకు తెలిసినంత రాస్తున్నాను.

ముందు నేల ఎంపిక. మాస్టార్లు, ఆర్టీసీ వాళ్లు, బ్యాంకు గుమస్తాలు అయిదేసి సెంట్లు కొనుక్కుని, హౌసింగ్ లోను తీరేదాకా పండక్కి బట్టలు మానుకుని ఇళ్లు కట్టుకున్న వీధి కావాలి. రోడ్డు ముప్ఫై అడుగులుండాలి, అందులో పది అడుగులు మెట్లూ ర్యాంపులూ తినేసి ఉండాలి. కాలువ ఉండీ లేనట్టుండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ వీధి మనుషులు మర్యాదస్తులై ఉండాలి. మర్యాదస్తులు ‘మనకెందుకులే’ అంటారు. ఈ పంటకు అంతకు మించిన ఎరువు లేదు.

తర్వాత షట్టరు. దరఖాస్తు పెట్టక ముందే ఇంటి ముందు గోడ కొట్టి ఒక షట్టరు బిగించాలి. ఎవరైనా అడిగితే కారు కోసమనాలి. ఆ కారు ఏనాటికీ రాదు. ఆర్నెల్లకు అందులోకి జిరాక్సు మిషను వస్తుంది. దాని పక్కన కరీ పాయింటు, పైన ట్యూషన్ సెంటరు, ఆ పైన హాస్టలు. సెల్లారుకు ‘పార్కింగ్’ అని బోర్డు ఉంటుంది, లోపల సిమెంటు బస్తాలుంటాయి. ఇదంతా అయ్యాక, అప్పుడు, తీరిగ్గా వెళ్లి వినయంగా విన్నవించుకోవాలి: “అయ్యా, ఈ వీధి ఎప్పుడో కమర్షియల్ అయిపోయింది. కాగితం ఒక్కటే వెనకబడి ఉంది. దాన్ని కాస్త ముందుకు తోయండి.” సర్కారు వారికి వెనకబడిన వాటి మీద ఎప్పుడూ జాలే కదా.

ఈలోగా వీధిలోవాళ్లను మంచి చేసుకోవాలి. ఆ మాటలు ఏ ఊళ్లోనైనా ఇట్టాగే ఉంటాయి.

“ఏంది మాస్టారూ, ఊరికే బాధపడతన్నారు? నాది కమర్షియల్ అయితే మీ స్థలం రేటు కూడా పెరుగుద్ది గదా!”

“అమ్ముకుంటే గదరా పెరిగేది? నేను ఉంటానికి కట్టుకున్నా.”

ఈ ఒక్క జవాబుకు ఏ టౌన్ ప్లానింగ్ శాఖ దగ్గరా సమాధానం లేదు. జోను మారితే లాభం వెళ్లిపోయేవాడికి. ఉండిపోయేవాడికి బిల్లు. 2021 ఏప్రిల్ నుంచి మన పట్టణాల్లో ఇంటిపన్ను అద్దె విలువ మీద కాదు, ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. ఇళ్లకు 0.10 నుంచి 0.50 శాతం, ఇళ్లు కానివాటికి 0.20 నుంచి 2 శాతం. పక్కవాడి కాంప్లెక్సు పుణ్యమా అని వీధి విలువ పెరిగితే, పింఛను డబ్బులతో బతికే మాస్టారి పన్నూ పెరుగుతుంది. ఏడాదికి 15 శాతం మించి పెంచబోమని ప్రభుత్వం హామీ ఇచ్చింది. రాత్రి పన్నెండింటికి జనరేటరు మోతకు నిద్ర పట్టక మేలుకున్నప్పుడు ఆ హామీని తలుచుకుంటే మనశ్శాంతిగా ఉంటుంది.

ఇక నోటీసు. తెలుగులో ఇంతకంటే రహస్యమైన సాహిత్య ప్రక్రియ లేదు. పేపర్లో టెండరు ప్రకటనకూ, పోయిన సర్టిఫికెట్ల ప్రకటనకూ మధ్య, చీమ తలకాయంత అక్షరాల్లో, ‘ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునది ఏమనగా’ అని మొదలవుతుంది. వీధి పేరుండదు. సర్వే నంబరుంటుంది. ఉత్తరం ఫలానా సర్వే నంబరులో భాగం, దక్షిణం ఫలానా వారి స్థలం, తూర్పు రోడ్డు, పడమర ఖాళీ జాగా. సొంత ఇంటి సర్వే నంబరు చూడకుండా చెప్పగలిగే గృహస్థు ఎక్కడైనా ఉంటే శాలువా కప్పాలి. అభ్యంతరాలుంటే 15 రోజుల్లో తెలపాలని కింద ఉంటుంది. అసలు ఆ ఫైలులో ఏముందో చూద్దామని మీరు సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టారనుకోండి, జవాబివ్వడానికి ఆ చట్టం అధికారికి 30 రోజులు గడువిచ్చింది. అంటే పరీక్ష అయిపోయిన పదిహేను రోజులకు ప్రశ్నపత్రం అందుతుంది. రెండు చట్టాలూ చేసినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదనుకోవడం అమాయకత్వం.

గడువు ముగిశాక రెండో కాగితం పుడుతుంది. అందులో ఉండే వాక్యం రాష్ట్రమంతటా ఒకటే: అభ్యంతరాలు ఏవీ రాలేదు.

రాజ్యాంగం మటుకు మనల్ని బాగానే తలుచుకుంది. 74వ సవరణతో చేర్చిన 12వ షెడ్యూలులో పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనులు పద్దెనిమిది ఉన్నాయి. వాటిలో మొదటిది పట్టణ ప్రణాళిక. రెండోది భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. దోమలూ, వీధిదీపాలూ, శ్మశానాలూ ఆ తర్వాతే. దర్శి నగర పంచాయతీ అయ్యి, 2021 నవంబరులో మనం 20 వార్డుల కౌన్సిలు కోసం ఓట్లేశాం. ఓటు అడగటానికి వచ్చినవాళ్లు దీపాల గురించి చెప్పారు, కాలువల గురించి చెప్పారు. మొదటి రెండు పనుల గురించి ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు. ఏ ఊళ్లోనైనా ఇదే కథ. కౌన్సిలు తీర్మానం చేసి పైకి పంపుతుంది, పైవాళ్లు నోటిఫికేషన్ ఇస్తారు. ఎవరు చేశారయ్యా ఇది అని అడిగితే కిందివాళ్లు పైకి చూపిస్తారు, పైవాళ్లు కిందికి చూపిస్తారు. మధ్యలో భవనం నాలుగో అంతస్తు లేస్తుంది.

మాస్టర్ ప్లాను పవిత్రత గురించి మన రాష్ట్రంలో గొప్ప ఉపన్యాసాలు జరగలేదని కాదు. అమరావతిలో పేదల ఇళ్ల స్థలాల కోసం ఆర్-5 జోను తెచ్చినప్పుడు ఆ మాట చిన్నపిల్లల నోట్లో కూడా నానింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా నడిచింది. 2023 ఆగస్టులో హైకోర్టు అక్కడ ఇళ్ల నిర్మాణం ఆపమంది. అందులో ఎవరిది ఒప్పన్నది ఇక్కడి తగవు కాదు. ఒక పక్షం రాజధాని రైతుకిచ్చిన మాట అంది, ఇంకో పక్షం పేదవాడి గూడు అంది. నేను అడిగేదల్లా ఒకటే. సెంటు స్థలం కోసం జోను మార్చబోతే అంతమంది పెద్ద లాయర్లకు గుర్తొచ్చిన ఆ పవిత్రత, షాపింగ్ కాంప్లెక్సు కోసం మార్చేటప్పుడు ఏ ఊరెళ్తుంది? దాన్ని ఓ వారం రోజులు మా వీధికి అద్దెకిస్తారా?

ఇక్కడ అమెరికా బంధువుల్ని తలుచుకోకపోతే దోషం. వీధి చివర ఖాళీ స్థలం చాలావరకు వాళ్లదే. డల్లాస్‌లోనో, అట్లాంటాలోనో మనవాడి ఇల్లున్న కాలనీకి ఒక గృహస్థుల సంఘం ఉంటుంది. అక్కడ తలుపు రంగు మార్చాలంటే దాన్నడగాలి. పెరట్లో షెడ్డు వేయాలంటే దాన్నడగాలి. గడ్డి జానెడు పెరిగితే నోటీసు, చెత్త డబ్బా సాయంత్రం దాకా బయటుంటే జరిమానా. మనవాడు ఆ నియమాలన్నీ భక్తితో పాటిస్తాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు వాటిని మనకు వర్ణించి, “అందుకే బాబాయ్, అక్కడ అంత నీటుగా ఉంటుంది” అని ముగిస్తాడు. ఆ సాయంత్రమే బ్రోకరును పిలిపించి, దర్శిలో తన పది సెంట్లకు అయిదంతస్తుల కాంప్లెక్సు పడుతుందా లేదా అని అడుగుతాడు. అసలు హ్యూస్టన్ నగరానికి జోనింగ్ చట్టమే లేదు. అయినా అక్కడి కాలనీలు దస్తావేజుల్లోనే షరతులు రాసుకుని ఇళ్లను ఇళ్లుగా కాపాడుకుంటాయి. మనకు చట్టాలున్నాయి, ప్లాన్లున్నాయి, ఇళ్లకు పసుపు, వ్యాపారానికి నీలం అని రంగులు కూడా ఉన్నాయి. పసుపు మీద నీలం పూయడానికి బ్రష్షు ఎవరి చేతిలో ఉందన్నదే తేడా.

ఒకవేళ ఏదైనా కారణం చేత ఫైలు కదలకపోయినా సాగుదారు దిగులుపడక్కర్లేదు. కట్టేసుకోవాలి, కనిపెట్టుకుని ఉండాలి. 2007 డిసెంబరు 31న, లోకమంతా కేకులు కోసుకునే రోజున, మన ప్రభుత్వం రెండు జీవోలు ఇచ్చింది. 901 అక్రమ కట్టడాలకు, 902 అక్రమ లేఅవుట్లకు. ఈ ఒక్కసారికి, జరిమానా కట్టి సక్రమం చేసుకోండి అంది. ఆ ఒక్కసారి 2015లో మళ్లీ వచ్చింది. 2019లో వచ్చింది. 2025లో వచ్చింది. పార్టీలు మారాయి, రాష్ట్రం రెండయింది, బీపీఎస్ అనే ఈ సక్రమీకరణ పథకం మాత్రం కుంభమేళాలాగా తన టైముకు తాను వస్తూనే ఉంది. నిబంధన ప్రకారం సెట్‌బ్యాక్ వదిలి, ప్లాను ప్రకారం కట్టుకున్న వెర్రిబాగులవాడికి ఇందులో ఏ పథకమూ వర్తించదు. అతను అర్హుల జాబితాలో లేడు.

ఢిల్లీ అయితే మనకు అన్న. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇళ్ల స్థలాల్లో అక్రమంగా నడిచే దుకాణాలకు సీళ్లు వేయమంది. వ్యాపారులు రోడ్డెక్కారు. ప్రభుత్వం ఆలోచించింది. దుకాణాన్ని ఖాళీ చేయించడం కష్టం, చట్టాన్ని ఖాళీ చేయించడం తేలిక. ఆ సెప్టెంబరుకల్లా 2,183 రోడ్లను వాణిజ్య, మిశ్రమ వినియోగం కిందికి తెచ్చేశారు. తెలంగాణ వాళ్లు ఇంకో మెట్టు ఎక్కి బేరాన్ని బాహాటంగానే పెట్టారు. 2025 నవంబరులో హైదరాబాదు పారిశ్రామిక వాడల్లోని 9,292 ఎకరాలను ఏ వినియోగానికైనా మార్చుకోవచ్చన్నారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువలో 30 శాతం కట్టు, 80 అడుగులు దాటిన రోడ్డు పక్కనైతే 50 శాతం. ఆ ఆఫీసు విలువకూ బజారు విలువకూ ఎంత దూరమో మీకు నేను చెప్పక్కర్లేదు. మీరూ ఇల్లు కొన్నారు.

ఇంత చదివాక, ‘ఈయనకు వీధిలో కొట్టే ఉండకూడదు కాబోలు’ అని ఎవరైనా అనుకోవచ్చు. అట్టా అనుకునేవాళ్లు మా ఊరి వీధులు చూడలేదు. అరుగు మీద కిరాణా కొట్టు, వరండాలో కుట్టుమిషను, మూలమీద పిండిమర, పొద్దున్నే ఇడ్లీ బండి. ఇవి లేని కాలనీలో బతుకు నరకం. ఉప్పు పొట్లానికి బండి తీయాల్సిన పేటను ఎవరు కోరుకుంటారు? వీటికి ఏ జోనూ అడ్డు కాలేదు, ఎవరి నిద్రా చెడలేదు. తమాషా ఏమిటంటే మున్సిపాలిటీ లారీ వచ్చి ఎత్తుకెళ్లేది ఆ ఇడ్లీ బండినే. వీధి వ్యాపారుల రక్షణకు 2014లో పార్లమెంటు చట్టమే చేసింది. ముందు సర్వే చేసి, గుర్తింపు పత్రాలివ్వాలి, అప్పటిదాకా ఎవర్నీ కదిలించకూడదని అందులో రాసి ఉంది. ఇడ్లీలమ్మే పెద్దమ్మకు ఆ సంగతి తెలియదు, లారీ డ్రైవరుకూ తెలియదు. తెలిసినవాళ్లు ఆ టైములో కొత్త కాంప్లెక్సు ప్రారంభోత్సవంలో రిబ్బను పట్టుకుని ఉంటారు. రోడ్డుకు అడ్డంగా వేసిన షామియానా కింద.

ఇందాకటి సెల్లారు దగ్గరకు ఒకసారి వెనక్కి వెళ్లాలి, అక్కడ నవ్వు ఆగిపోతుంది. 2023 నవంబరులో హైదరాబాదు బజార్‌ఘాట్‌లో జనం కాపురముండే అపార్టుమెంటు కింద రసాయనాల డ్రమ్ములు నిల్వ పెట్టారు. నిప్పంటుకుంది. పైన ఇళ్లలో ఉన్నవాళ్లలో కనీసం తొమ్మిది మంది పోయారు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన కాపురం ఉన్న పాత ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు. అందులో పసిపిల్లలున్నారు. బయటికి రావడానికి ఇరుకు దారి ఒక్కటే. ఆ పెద్ద ఊళ్లో ఫైరింజన్లు నిమిషాల దూరంలో ఉంటాయి. పది అడుగులు మెట్లు తినేసిన మన ముప్ఫై అడుగుల రోడ్డులోకి, రెండు వైపులా బండ్లు నిలిపి ఉండగా, సంత రోజున ఫైరింజను ఎట్టా తిరుగుతుందో నోటీసులో ఎక్కడా రాయరు. ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర రాస్తారు.

నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం మన ఊరి మీదుగా వేశారు. రైలు వస్తే స్థలాల బేరగాళ్లు రైలుకంటే ముందే దిగుతారు. ఇళ్ల వీధులన్నిటికీ వంతు వస్తుంది. అందుకని మర్యాదస్తులకు ఒక మనవి.

బెంగళూరులో రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్ అని ఒక పేట ఉంది. లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలాన్ని, ముఖ్యమంత్రి మాట మీద, ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు రాసిచ్చారు. ఆస్పత్రి మంచిదే కదా అని పెద్దలు అన్నారు. ఆ పేటవాసులు ‘మనకెందుకులే’ అనలేదు. కోర్టుకెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది, అడగటానికి మీరెవరు అని పేటవాసుల్ని అనడం కూడా కుదరదంది. 2011లో నోయిడా ఇళ్ల సెక్టార్లలో నడుస్తున్న బ్యాంకుల విషయంలోనూ అదే కోర్టు ఆ దారినే నడిచింది. ఇళ్ల జాగా ఇళ్లకే. బెంగళూరు పేటవాసుల్ని గెలిపించింది ఊరుకోకుండా అడగడమే.

మీ ఇంటి దస్తావేజు తీసి సర్వే నంబరు ఇవాళే ఒక చీటీ మీద రాసి ఫోను వెనక పెట్టుకోండి. పేపర్లో ఆ చీమ తలకాయ అక్షరాలు కనపడగానే, పదిహేను రోజుల్లోపు, నలుగురూ నాలుగు విడి కాగితాల మీద రాయండి. పెద్ద భాష అక్కర్లేదు. ఎన్ని బండ్లకు లోపల చోటు వదిలారు, మురుగు ఏ కాలువలోకి పోతుంది, ఫైరింజను ఎటునుంచి వచ్చి ఎటు తిరుగుతుంది, జోను మారినందుకు వచ్చే ఫీజులో ఈ వీధికి ఎంత ఖర్చు పెడతారు అని అడిగితే చాలు. ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వేయనంటే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. ‘అభ్యంతరాలు ఏవీ రాలేదు’ అన్న వాక్యం మీ వీధి ఫైలులో మాత్రం రాయనివ్వకండి.